మనం చూసిన సినిమాలు – నాకు అనిపించింది



ఈసారి గోడపత్రికకు ఏం రాయాలా అని వారం రోజులు ఆలోచించాను. పొడుపు కథలు ఎనిమిదో తరగతి వాళ్ళు ముందే ఇచ్చేశారు. సూక్తులు తొమ్మిదో తరగతి వాళ్ళు తీసుకున్నారు. కవిత రాద్దామంటే నాకు రాదు. అప్పుడు మా బెంచీ మిత్రుడు "రాత్రి లైట్లు బంద్ చేసినంక గూడ సినిమాల మీద లొల్లి పెడ్తవు గదా, గదే రాయి" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

మన హాలు టి.వి.లో శనివారం రాత్రుళ్ళు చూసిన వాటిలో నాలుగు సినిమాల గురించి నా సొంత అభిప్రాయం చెప్తాను. నేను పెద్ద విమర్శకుణ్ణి కాదు. ఫైటింగులు వస్తే మీతోపాటు ఈలలు వేసినవాణ్ణే. కానీ చాప చుట్టుకుని పడుకున్నాక కొన్ని సంగతులు మనసులో తిరుగుతుంటాయి. అవి మీతో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మొదటిది 'ఆర్.ఆర్.ఆర్.'

2022 మార్చిలో వచ్చిన సినిమా. రాజమౌళి గారు తీశారు. మనలో చాలామంది దీన్ని ఇప్పటికి మూడు నాలుగుసార్లు చూసి ఉంటారు. ఇందులో జూనియర్ ఎన్టీఆర్ కుమ్రం భీం, రామ్ చరణ్ అల్లూరి సీతారామరాజు. లారీలోంచి పులులు, జింకలు దూకే సీన్ వచ్చినప్పుడు మన హాలులో రేకులు ఎగిరిపోయేంత కేకలు పెట్టాం. 'నాటు నాటు' పాటకు ఆరో తరగతి తమ్ముళ్ళు ముందుకొచ్చి ఎగిరారు. ఆ పాటను ఉక్రెయిన్ దేశంలో కీవ్ నగరంలో అధ్యక్ష భవనం ముందు 2021లో తీశారు. మరుసటి సంవత్సరమే ఆ ఊరి మీద యుద్ధం వచ్చిపడింది. పాటకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. సంగీతం కీరవాణి గారు, రచన చంద్రబోస్ గారు. తెలుగు పాటకు అంత పేరు వస్తే ఎవరికి మాత్రం సంతోషం ఉండదు?

ఇక నా బాధ చెప్తాను. మా గూడెంలో భీం బొమ్మ లేని ఇల్లు తక్కువ. మన క్లాసు హాజరు పట్టీలో కూడా కుమ్ర ఇంటిపేరు వినపడుతూనే ఉంటుంది. అందుకని ఆయన్ను పెద్ద తెర మీద చూడాలని మనకు వేరేవాళ్ళకంటే ఎక్కువ ఆశ. ఇది కల్పిత కథ అని దర్శకుడు ముందే చెప్పారు, ఒప్పుకుంటాను. నిజానికి భీం, అల్లూరి ఎప్పుడూ కలుసుకోలేదు. అల్లూరి 1922లో మన్యంలో పోరాటం మొదలుపెట్టి 1924 మే నెలలో చనిపోయాడు. భీం పోరాడింది నైజాం సర్కారుతో. జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది 1940లో. ఇద్దరినీ కలిపి చూపించడం తప్పని నేను అనను. మా తాత కథ చెప్పేటప్పుడు కూడా ఆ ఊరి మనిషిని ఈ ఊరికి తెస్తాడు.

నాకు గుచ్చుకున్నది ఆఖరి సీన్. యుద్ధం అంతా అయిపోయాక నీకేం కావాలో కోరుకో అని రాముడు అడిగితే, భీం తనకూ తనవాళ్ళకూ చదువు కావాలని అడుగుతాడు. థియేటర్లో చూసినవాళ్ళకు అది మంచి మాటే అనిపిస్తుంది. నాకూ మొదటిసారి మంచిగనే అనిపించింది. రెండోసారి చూసినప్పుడు "ఆగు ఆగు" అనుకున్నాను. ఎందుకంటే భీం చరిత్ర చెప్పేవాళ్ళు ఇంకో రకంగా చెప్తారు. ఆయన ఊరు విడిచి చాందా వైపు వెళ్ళినప్పుడు ఒకాయన దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడట. ఆ తర్వాత అసోం తేయాకు తోటల్లో పనిచేసి, లోకం చూసి, తిరిగి వచ్చాడట. 'జల్, జంగల్, జమీన్' అన్న మాట ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. అంటే చదువు ఆయనకు ఎవరో వరంగా ఇచ్చింది కాదు, కూలి చేసుకుంటూ తానే సంపాదించుకున్నది.

ఇంకో సంగతి. భీం చనిపోయాక గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నైజాం సర్కారు హైమండార్ఫ్ అనే దొరను మన అడవులకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మనవాళ్ళ సంగతులు రాశాడు. 1943లో అదే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండీలో వాచకాలు తయారుచేశారు. కాబట్టి మన దగ్గరికి బడి వచ్చింది ఎవరినో బతిమాలినందుకు కాదు. భీం, ఆయన తోటివాళ్ళు ప్రాణాలు ఇచ్చాక సర్కారుకు మనం కనపడ్డందుకు వచ్చింది. ఇవాళ మనం ఈ హాస్టల్లో కూర్చుని పప్పన్నం తింటూ సినిమా చూస్తున్నామంటే, ఆ దారి అక్కడ మొదలైందని నేను అనుకుంటాను. సినిమా చివర ఆ ఒక్క ముక్క తారుమారైంది. తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ మన తమ్ముళ్ళు అదే చరిత్ర అనుకుంటే మాత్రం ఊరుకోలేను.

రెండోది 'పుష్ప'

మొదటి భాగం 2021 డిసెంబర్‌లో, రెండో భాగం 2024 డిసెంబర్‌లో వచ్చాయి. అల్లు అర్జున్‌కు మొదటి భాగానికి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. నటన గురించి నేను వంక పెట్టను. ఒక భుజం పైకెత్తి నడిచే నడకను మన హాస్టల్లో చెయ్యనివాడు లేడు. గడ్డం కింద చెయ్యి రాసుకుంటూ భోజనాల లైనులో ముందుకు దూరేవాళ్ళను రోజూ చూస్తున్నాం. వార్డెన్ సార్ కూడా నవ్వుకున్నారు.

ఈ సినిమాలో నాకు నచ్చింది ఇంటిపేరు సంగతి. పుష్పకు డబ్బు వస్తుంది, పేరు వస్తుంది, పోలీసులు కూడా భయపడతారు. కానీ నాన్న ఇంటిపేరు తనకు ఇవ్వలేదన్న బాధ మాత్రం పోదు. రెండో భాగం చివర ఆ ఇంటివాళ్ళు తనను కలుపుకునేదాకా పోదు. మనకు ఇంటిపేరు అంటే ఏమిటో, ఏ గట్టు, ఎంతమంది దేవుళ్ళు అని పెద్దవాళ్ళు ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. అందుకే ఆ బాధ నాకు తొందరగా అర్థమైంది.

అయితే సినిమా అయ్యాక ఏడో తరగతి తమ్ముడొకడు నా దగ్గరికి వచ్చి "అన్నా, చదువుడెందుకే, అడవిలకు పోయి నాలుగు దుంగలు కొడితె సాలదా" అన్నాడు. వాడు నవ్వుకుంటూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్తాను.

మా అమ్మ తమ్ముడు, మా మామ, నా చిన్నప్పుడు ఒక సేటు చెప్పాడని రాత్రిపూట టేకు దుంగలు మోశాడు. ఒక రాత్రికి ఇంత అని కూలి. దుంగలు ఎవరివో, ఎక్కడికి పోతాయో ఆయనకు తెలియదు. ఒకరోజు దొరికిపోయాడు. లారీ దొరకలేదు, సేటు దొరకలేదు, మామ దొరికాడు. కోర్టు తారీఖులకు తిరగడానికి మొదట మేకలు అమ్మారు, తర్వాత ఒక ఎద్దును అమ్మారు. ఆ కూలి డబ్బులు మొత్తం కలిపినా ఎద్దు ధర రాదు. ఇప్పటికీ ఎవరైనా ఖాకీ బట్టలతో గూడెంలోకి వస్తే మామ ఇంట్లోంచి వెనక దారిన పోతాడు. ఆయన భుజం కూడా ఒక పక్కకు ఉంటుంది. అది స్టైలు కాదు, దుంగ మోసిన భుజం.

పుష్ప సినిమాలో పుష్ప కూడా కూలీగానే మొదలవుతాడు. కానీ ఒక్కడు సిండికేట్ నాయకుడు అయితే మిగతా కూలీలు ఏమయ్యారో సినిమా చెప్పదు. నిజంగా ఏమవుతుందో చెప్పడానికి ఒక తేదీ చాలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి చెట్లు కొట్టే కూలికి వచ్చినవాళ్ళని చెప్పారు. వాళ్ళలో జవ్వాదు కొండల వైపు ఆదివాసులు కూడా ఉన్నారు. ఆ ఇరవై మందిలో సిండికేట్ నాయకుడు ఒక్కడూ లేడు.

ఇంకో చిన్న విషయం. ఎర్రచందనం పెరిగేది శేషాచలం, నల్లమల వైపు. సినిమాలో అడవి చాలా భాగం మారేడుమిల్లిలో తీశారు. అది కొండరెడ్లు ఉండే ప్రాంతం. మూడేసి గంటలు రెండు భాగాలు చూశాను. అడవి బోలెడంత కనిపించింది. ఆ అడవిలో ఉండేవాళ్ళ ఇల్లు, వాళ్ళ పొయ్యి, వాళ్ళ పోడు మాత్రం నాకు కనిపించలేదు. మన ఇంటి ముందు షూటింగ్ పెట్టి మనల్ని పక్కకు జరగమన్నట్టు అనిపించింది.

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతున్నావని నాకు తెలుసు. నడక నడువు, గడ్డం రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. దుంగల మాట మాత్రం ఇంకోసారి అనకు. కావాలంటే ఈ సెలవులకు మా ఊరికి రా, మామను చూపిస్తాను.

మూడోది 'జై భీమ్'

ఇది తమిళ సినిమా, మనం తెలుగులో చూశాం. 2021 నవంబర్‌లో వచ్చింది. సూర్య లాయరుగా వేశాడు. తమిళనాడులో 1993లో నిజంగా జరిగిన కేసు ఇది. కేసు వాదించిన చంద్రు గారు తర్వాత మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. నిజం కేసులో బాధితులు కురవ కులంవాళ్ళు, సినిమాలో ఇరుళ గిరిజనులుగా చూపించారు.

ఈ సినిమా రోజు మన హాలులో ఈలలు లేవు. మొదటి సీన్లోనే జైలు నుంచి బయటికి వచ్చినవాళ్ళను కులం అడిగి, కొందరిని ఇంటికి పంపి, కొందరిని పక్కన నిలబెడతారు. పక్కన నిలబెట్టినవాళ్ళ మీద వేరే పాత కేసులు మళ్ళీ రాస్తారు. అది చూసి నా పక్కన కూర్చున్న కోలాం మిత్రుడు నా చెయ్యి పట్టుకున్నాడు, ఇంటర్వెల్ దాకా వదల్లేదు. కొట్టే సీన్లు వచ్చినప్పుడు చిన్న తమ్ముళ్ళు కొంతమంది లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను ముందే పడుకోబెట్టాల్సింది. ఈ ఒక్క విషయంలో తప్పు మన పెద్ద పిల్లలదే, టి.వి. పెట్టింది మేమే.

నాకు బాగా గుర్తున్నది లాయరు వాదన కాదు, సినతల్లి. (తమిళంలో సెంగేని అంటారట.) పోలీసు జీపు వెనకాలే వస్తూ ఎక్కమని బతిమాలుతుంటే, కడుపుతో ఉన్న ఆమె కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికి పోతుంది. డబ్బు తీసుకుని కేసు వదిలెయ్యమంటే ఒప్పుకోదు. లాయరు లేకపోతే ఆమె గెలవలేదు, నిజమే. కానీ ఆమె ఆ డబ్బు తీసుకుని ఉంటే లాయరు కూడా ఏం చెయ్యలేడు. ఆఖరి నిర్ణయం ఆమె చేతిలోనే ఉంది. చివర ఆ చిన్న పాప లాయరు పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు పట్టుకుంటుంది. అప్పుడు మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రోజు అదొక్కటే చప్పుడు.

'ఆర్.ఆర్.ఆర్.'లో చదువు అడిగి తీసుకున్నట్టు చూపించారు. ఇక్కడ ఆ పాప ఎవరినీ అడగలేదు, కుర్చీ ఎక్కి పేపరు తీసుకుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో మీరూ ఆలోచించండి.

నాలుగోది 'బలగం'

2023 మార్చిలో వచ్చింది. వేణు యెల్దండి తీశారు. ఒక ముసలాయన చనిపోతే పిట్ట ముట్టదు. పదకొండు రోజులు ఇల్లంతా కొట్లాట. నల్లి బొక్క కాడ మొదలైన పంచాయితీ అన్నాచెల్లెళ్ళను ఇన్నేళ్ళు విడదీసింది. ఫైటింగులు లేవని కొంతమంది మధ్యలోనే పడుకున్నారు. నేను ఏడ్చాను, దాచుకోను. తెలంగాణ ఊళ్ళలో తెర కట్టి ఊరంతా కూర్చుని ఈ సినిమా చూశారు.

దీన్ని ఇక్కడ ఎందుకు తెచ్చానంటే భాష కోసం. ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ మాట మాట్లాడేది రౌడీలో, కామెడీవాళ్ళో అని మన తెలుగు సార్ చెప్తుంటారు. ఇప్పుడు అదే మాటతో మొత్తం సినిమా తీస్తే జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. మాట మారలేదు, చూసే చూపు మారింది. మరి మన గోండీ, కోలామీ సంగతి ఏమిటి? భీం కథ చెప్పిన అంత పెద్ద సినిమాలో మా అమ్మ ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటి కూడా నా చెవిన పడలేదు. నాగోబా జాతరకు కేస్లాపూర్ పోతే రాత్రంతా పర్ధాన్ పెద్దలు మన కథలు పాడుతుంటారు. వాటిలో సినిమాకు కథలు లేవా? మీరే చెప్పండి.

ఒక సంగతి మీకు గుర్తు చేస్తాను. పోయిన ఏడాది ఆటల పోటీలకు పట్నం పోయినప్పుడు వేరే బడి పిల్లలు మన జెర్సీ చూసి "మీరు ఆకులు కట్టుకుని డాన్స్ చేస్తారంట గదా, ఒకసారి చెయ్యండి" అన్నారు. వాళ్ళు చెడ్డపిల్లలు కాదు. తర్వాత మనతో కలిసి అన్నం కూడా తిన్నారు. వాళ్ళు పాత సినిమాల్లో చూసింది అదే, అందుకే అలా అడిగారు. దండారి రోజుల్లో గుస్సాడి వేసేవాళ్ళు ఎంత నియమంగా ఉంటారో, నెమలి పింఛాల టోపీని ఎంత భక్తితో చూస్తారో వాళ్ళకు ఎవరు చెప్పారు? మార్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కాలం చేశారు. ఆయన పేరు కూడా ఆ పిల్లలకు తెలియదు. ఆ రోజు నేను జవాబు చెప్పలేక తల దించుకున్నాను. అందుకే ఇవాళ ఇంత పొడుగు రాస్తున్నాను.

నా మిత్రుడు ఇది చదివి "సినిమాను సినిమా లెక్క చూడాలె గని, గిట్ల ఈకలు పీకుతరా" అన్నాడు. వాడి మాటలో కూడా నిజముంది. వారమంతా చదివి, బట్టలు ఉతుక్కుని, శనివారం రెండు గంటలు నవ్వుకోవాలనుకోవడం తప్పు కాదు. నేను సినిమాలు బంద్ చెయ్యమనట్లేదు. అసలు ఆ మాట వార్డెన్ సార్ చెవిన పడొద్దు! ఈలలు వేసి చూద్దాం. చూసినాక కాసేపు మాట్లాడుకుందాం. ఈ కథలో అడిగేది ఎవరు, ఇచ్చేది ఎవరు, చివరి నిర్ణయం ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నేను ఇప్పుడు ప్రతి సినిమాకూ ఇవే వేసుకుంటున్నాను.

వార్డెన్ సార్ గారికి మూడు విన్నపాలు:

1. నెలకొక శనివారం ఏ సినిమా చూడాలో పిల్లల ఓట్లతో నిర్ణయించాలి. ఇప్పుడు రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే సినిమా అవుతోంది.

2. సినిమా అయ్యాక అరగంట హాలులోనే ఉండి మాట్లాడుకోనివ్వాలి. కొట్లాటలు ఎక్కువగా ఉన్న సినిమాలకు అయిదు, ఆరు తరగతుల తమ్ముళ్ళను ముందే పడుకోబెట్టాలి.

3. అల్లాణి శ్రీధర్ గారు 1990లో తీసిన 'కొమరం భీమ్' సినిమా ఒకటుంది. అది థియేటర్లకు వచ్చింది 2010లో, అంటే ఇరవై ఏళ్ళ తర్వాత. మనలో చాలామంది దాన్ని చూడలేదు. భీం వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి మనవాళ్ళు జోడేఘాట్‌లో కలుస్తారు. ఆ రోజుకైనా ఆ సినిమా తెప్పించి చూపించగలరని ప్రార్థన. ఆ తర్వాత 'ఆర్.ఆర్.ఆర్.' మళ్ళీ వేసినా సరే, నేను కూడా ముందు వరసలో కూర్చుంటాను.

మిత్రులారా, ఇదంతా నాకు అనిపించింది మాత్రమే. పుష్ప అభిమానులు నన్ను కొట్టడానికి రాకండి, రాయడానికి రండి. ఈ కాగితం కింద జానెడు ఖాళీ వదిలాను. ఒప్పుకునేవాళ్ళు, ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా రాయొచ్చు. గోండీలో రాసినా, కోలామీలో రాసినా, లంబాడీలో రాసినా అంటిస్తాం. పెన్సిలుతో రాయొద్దు, నాలుగు రోజులకే చెరిగిపోతుంది. దయచేసి కాగితం ఎవరూ చింపొద్దు.

అక్షర దోషాలు ఉంటే తెలుగు సార్ మన్నించగలరు.

ఇట్లు,
మీ పదో తరగతి మిత్రుడు
(కిటికీ పక్క మంచం)